దీర్ఘ ఉపవాసము, శారీరక శ్రమ, మానవ దేహము: సంఘ కాపరులకు ఒక పరిశీలన

పరిచయము

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు సంఘములలో శ్రమకాలము వచ్చిందంటే ఉపవాస కూటముల పిలుపు వినిపిస్తుంది. కొందరు శుక్రవారములలో ఒక పూట భోజనము మానుతారు. కొందరు 21 దినములు, మరికొందరు 40 దినములు ఉపవాసముండుటకు తీర్మానము చేసికొంటారు. ఈ దినములు వచ్చేది ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలలో. అవే నెలలలో మన పొలములలో మిరప కోతలు, జొన్న కోతలు జరుగుతుంటాయి. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మన విశ్వాసులలో అనేకులు దినకూలితో బ్రతికేవారు. గనుక వారి ఉపవాసము గదిలో కూర్చుని చేసే ఉపవాసము కాదు. కొడవలి చేతపట్టుకొని చేసే ఉపవాసము.

కొన్ని సంవత్సరముల క్రితము మా పాస్టరేటులో ఒక సహోదరుడు 21 దినములు నీళ్లు మాత్రమే త్రాగి ఉపవాసమున్నాడు. మొదటి వారమంతా పొలము పనికి వెళ్తూనే ఉన్నాడు. ముగింపు దినమున ప్రేమవిందు జరిగింది. మొదటి విస్తరి ఆయనకే వేసి, ఆయనను గౌరవించామనుకున్నాము. బిర్యానీ, పాయసము దగ్గరుండి తినిపించినది మేమే. మూడవ దినమున ఆయన కాళ్లు వాచాయి, ఆయాసము వచ్చింది, గుండె లయ తప్పింది. నంద్యాలలో ఒక ఆసుపత్రిలో చేర్చాము. అక్కడి వైద్యురాలు రక్తపరీక్ష ఫలితములు చూచి మమ్మును ఒకే ఒక ప్రశ్న అడిగారు: "అయ్యగారూ, ఆయన ఉపవాసం చేశాడు సరే, ఒక్కసారిగా అంత అన్నం పెట్టింది ఎవరు?"

దేవుని కృప వలన, ఆమె నైపుణ్యము వలన ఆ సహోదరుడు బ్రతికాడు. ఆ ప్రశ్నకు మాత్రము మా యొద్ద జవాబు లేకపోయింది. ఉపవాసమును గూర్చిన వచనములు మాకు తెలుసు గాని ఉపవసించే దేహమును గూర్చి మాకు తెలియదు. ఆ కొరతను తీర్చుకొనుటకు చదివిన సంగతులను తోటి కాపరులతో పంచుకొనుటయే ఈ వ్యాసము ఉద్దేశము. మేము చెప్పదలచినది క్లుప్తముగా ఇది: విశ్రాంతి, నీరు ఉన్నప్పుడు మానవ దేహము ఆకలిని ఆశ్చర్యకరముగా ఓర్చుకొంటుంది. అయితే ఆకలితో పాటు కఠిన శ్రమను, ఎండను మోపితే ఓర్చుకొనలేదు. దీర్ఘ ఉపవాసము చివర హఠాత్తుగా పెట్టే విందును అసలే ఓర్చుకొనలేదు.

1. దేహములోని నిల్వలు

మనము తిన్న ఆహారమును శక్తిగా మార్చుకొని, మిగిలినదానిని దాచుకొని, అవసరమైనప్పుడు తీసి వాడుకొనే క్రియలన్నిటినీ కలిపి జీవక్రియ అంటారు. రాయలసీమ రైతు ఇంటిని తలంచుకొంటే ఇది సులభముగా అర్థమవుతుంది. రోజువారీ ఖర్చుకు చేతిసంచి ఉంటుంది. కరవు కాలమునకు జొన్నల పాతర ఉంటుంది. ఈ రెండూ అయిపోతే ఇంటి దూలములే మిగులుతాయి.

చేతిసంచి వంటిది గ్లైకోజెన్ అనే పిండిపదార్థము. కాలేయములో ఇది సుమారు 100 గ్రాములు, కండరములన్నిటిలో కలిపి 300 నుండి 500 గ్రాములు ఉంటుంది. కండరములలో ఉన్నది ఆ కండరములకే ఉపయోగపడుతుంది. రక్తములోనికి గ్లూకోజును విడుదల చేసి మెదడును పోషించేది ప్రధానముగా కాలేయపు నిల్వయే. మెదడుకు దినమునకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు కావాలి. అనగా కాలేయపు సంచి ఒక దినమునకు మించి చాలదు.

పాతర వంటిది కొవ్వు. ఒక్కొక్క గ్రాము కొవ్వు 9 కిలో కేలరీల శక్తినిస్తుంది. 10 కిలోల కొవ్వు గల మనిషి లోపల 90,000 కిలో కేలరీలు దాగి ఉన్నట్లు లెక్క. ఇంటి దూలముల వంటివి మాంసకృత్తులు. అవి నిల్వ పెట్టుకున్న ఆహారము కావు. అవే మన కండలు, అవే మన గుండె. దూలములను కాల్చి చలి కాచుకొనేవాడు ఇంటిని పోగొట్టుకొంటాడు.

2. ఉపవాస దినములలో జరిగే మార్పులు

చివరి భోజనము అరిగిన తరువాత రక్తములో ఇన్సులిన్ తగ్గి గ్లూకగాన్ పెరుగుతుంది. కాలేయము తన గ్లైకోజెన్‌ను కరిగించి రక్తములోనికి గ్లూకోజును పంపుతుంది. సుమారు ఒక దినము గడిచేసరికి ఆ నిల్వ దాదాపు ఖాళీ అవుతుంది.

రెండవ, మూడవ దినములు కష్టమైనవి. మెదడు ఇంకా గ్లూకోజునే కోరుతుంది. కొవ్వులోని అధిక భాగము గ్లూకోజుగా మారలేదు. గనుక కాలేయము కండరముల మాంసకృత్తులను తీసికొని గ్లూకోజు తయారు చేస్తుంది. ఈ దశలో దినమునకు సుమారు 75 గ్రాముల మాంసకృత్తులు ఖర్చవుతాయి. ఉప్పు, నీరు కూడా మూత్రములో ఎక్కువగా పోతాయి. తొలి దినములలో బరువు వేగముగా తగ్గేది చాలావరకు ఇందువలననే. లేచి నిలబడగానే కళ్లు తిరగడము, తలనొప్పి, నీరసము సామాన్యము.

తరువాత దేహము తన పద్ధతిని మార్చుకొంటుంది. కాలేయము కొవ్వు నుండి కీటోన్లు అనే పదార్థములను తయారు చేస్తుంది. మెదడు వాటిని వాడుకొనుట నేర్చుకొంటుంది. 1967లో అమెరికాలోని హార్వర్డ్ వైద్యుడు జార్జి కేహిల్, ఆయన సహచరులు ఈ సంగతిని నిరూపించారు. ఐదారు వారములు ఉపవాసమున్న స్థూలకాయులలో మెదడుకు కావలసిన ఇంధనములో సుమారు మూడింట రెండు వంతులు కీటోన్ల నుండి వస్తున్నట్లు వారు కనుగొన్నారు. గ్లూకోజు అవసరము తగ్గుతుంది గనుక మాంసకృత్తుల ఖర్చు కూడా దినమునకు 20 గ్రాముల వరకు దిగుతుంది. పాతర తలుపు తెరుచుకొని దూలములు కాపాడబడతాయి. సృష్టికర్త మన దేహములలో ఉంచిన ఏర్పాటు ఇది.

మూడు నాలుగు దినముల తరువాత ఆకలి తగ్గింది, మనస్సు తేటపడింది అని ఉపవసించేవారు సాక్ష్యమిస్తారు. దానిలో ఆత్మీయ అనుభవము లేదని మేము అనము. అయితే అదే సమయములో రక్తములో కీటోన్లు పెరుగుతాయని కూడా కాపరి తెలిసికొని ఉండాలి. తేటగా ఉన్నది గనుక ఇంకా ఎంత కాలమైనా ఉండవచ్చునని చెప్పుట అవివేకము.

3. పరిశోధకులు చూచిన ఉపవాసములు

1912లో బోస్టన్‌లోని కార్నెగీ పోషణ ప్రయోగశాలలో ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ అనే శాస్త్రవేత్త పర్యవేక్షణలో మాల్టా దేశస్థుడైన లెవాంజిన్ 31 దినములు శుద్ధజలము మాత్రమే త్రాగి ఉపవాసమున్నాడు. ఆయన బరువు సుమారు 60 కిలోల నుండి 47 కిలోలకు దిగింది. ఆయన బ్రతికి బయటపడ్డాడు. అయితే ఆయన ప్రయోగశాలలో ఉన్నాడు, అనుదినము పరీక్షింపబడ్డాడు, బరువులు మోయలేదు. మన పల్లెలలోని ఉపవాసమును దీనితో పోల్చలేము.

2024లో ప్రచురింపబడిన ఒక అధ్యయనములో ఆరోగ్యవంతులైన 12 మంది ఏడు దినములు నీటితో మాత్రమే గడిపారు. రక్తములోని మాంసకృత్తులలో అనేక అవయవములకు సంబంధించిన మార్పులు మూడు దినములు దాటిన తరువాతనే స్పష్టముగా కనబడ్డాయి. వారు సగటున 5.7 కిలోల బరువు తగ్గారు. ఆ తగ్గినదానిలో కొవ్వు మాత్రమే కాదు, కొవ్వు కాని ధాతువు కూడా ఉంది.

మన వేదికల మీద తరచుగా వినబడే మరియొక మాటను కూడా సరిచేయవలసి ఉంది. ఉపవాసము క్యాన్సర్‌ను నయము చేస్తుందని నోబెల్ బహుమతి నిరూపించిందని కొందరు బోధిస్తున్నారు. 2016లో జపాను శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి ఆ బహుమతి వచ్చినది, కణములు తమలోని పాత భాగములను తామే జీర్ణించుకొనే విధానమును కనిపెట్టినందుకు. ఆయన ముఖ్య పరిశోధన ఈస్ట్ కణముల మీద జరిగింది. దానినుండి రోగికి మందు మాన్పించే బోధను తీయుట తగదు.

4. శ్రమ తోడైనప్పుడు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల ప్రకారము 65 కిలోల పురుషునికి కూర్చుని చేసే పనికైతే దినమునకు 2,110 కిలో కేలరీలు, కఠినమైన పనికైతే 3,470 కావాలి. 55 కిలోల స్త్రీకి ఇవి వరుసగా 1,660, 2,720. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాము. బక్కపలుచని కూలివాని దేహములో 6 కిలోల కొవ్వు ఉందనుకొందాము. అది 54,000 కిలో కేలరీలు. పూర్తి విశ్రాంతిలో దినమునకు 1,500 చొప్పున ఖర్చయితే 36 దినములు వస్తుంది. కఠిన శ్రమలో 3,470 చొప్పున అయితే 16 దినములైనా రాదు. ఇది ముతక లెక్కయే. ఉపవాసములో దేహము ఖర్చు తగ్గించుకొంటుంది. మరియొక ప్రక్క, కొవ్వంతా అయిపోయేదాకా ప్రాణము ఆగదు. అయినను భేదము ఎంతటిదో ఈ లెక్క చూపుతుంది.

ఖర్చు మాత్రమే కాదు, ఇంధనపు రకము కూడా ముఖ్యము. మెల్లగా నడిచేటప్పుడు కండరములు ఎక్కువగా కొవ్వును వాడుకొంటాయి. బస్తా మోసేటప్పుడు, వేగముగా కోత కోసేటప్పుడు, ఆళ్లగడ్డలో శిల్పి సుత్తితో రాతిని కొట్టేటప్పుడు కండరములు గ్లైకోజెన్‌ను కోరుతాయి. ఉపవసించేవానిలో ఆ నిల్వ తగ్గిపోయి ఉంటుంది. అందుచేత నెమ్మదిగా నడువగలిగినవాడు కూడా బరువు ఎత్తబోయి కుప్పకూలవచ్చు.

దీనిపైన ఎండ ఒకటి. ఎండలో కఠినమైన పని చేసేవానికి గంటకు ఒక లీటరు చెమట పోవచ్చును. ఉపవాసము వలన ఉప్పు, నీరు ముందే తగ్గి ఉన్న దేహము ఆ నష్టమును భరించలేదు. వడదెబ్బ అటువంటివారిని త్వరగా పడగొడుతుంది. నీరు కూడా మానిన ఉపవాసములో ఈ అపాయము వారములలో కాదు, గంటలలో వస్తుంది.

ఆకలి, నడక కలిసినప్పుడు ఏమి జరుగుతుందో 1944, 1945 సంవత్సరములలో మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ పరిశీలించాడు. యుద్ధములో ఆయుధము పట్టుటకు మనస్సాక్షిని బట్టి నిరాకరించిన 36 మంది యువకులు దానికి స్వచ్ఛందముగా ముందుకు వచ్చారు. వారిలో అనేకులు బ్రెథ్రెన్, క్వేకర్, మెన్నోనైట్ సంఘములవారు. యుద్ధానంతరము ఆకలితో ఉన్న జనులకు ఎలా ఆహారమివ్వాలో తెలిసికొనుటకు వారు తమ దేహములను అప్పగించారు. 24 వారములు సగము ఆహారముతో వారమునకు 35 కిలోమీటర్లు నడిచారు. వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గింది. విశ్రాంతి సమయపు జీవక్రియ సుమారు 40 శాతము పడిపోయింది. నాడి మందగించింది, కాళ్లు వాచాయి, చలి వీడలేదు, చిరాకు, దిగులు పెరిగాయి. తేరుకొనుటకు నెలలు పట్టింది. వారు పూర్తిగా ఉపవాసము చేయలేదు, సగము తిన్నారు. అయినను ఇంత జరిగింది.

5. తెలుగువారు ఎరిగిన దీర్ఘ ఉపవాసము

ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రము కొరకు పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష ఆరంభించి, డిసెంబరు 15 రాత్రి, 58వ దినమున మరణించారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడింది. మన కర్నూలే దానికి రాజధాని అయింది. 1981లో ఐర్లాండు ఖైదీలు పదిమంది 46 నుండి 73 దినముల మధ్య మరణించారు. వీరందరు నీరు త్రాగుచు, పొలము పని వంటి శ్రమ లేకుండ ఉన్నవారు. విశ్రాంతిలో ఉన్న మనిషికి రెండు నెలల పరిసరములలో హద్దు ఉన్నదని ఈ మరణములు చూపుతున్నాయి. పనిచేసేవారికి, రోగులకు, గర్భిణులకు ఆ హద్దు చాల ముందుకు జరుగుతుంది.

6. ఉపవాస విరమణలోని అపాయము

ఇప్పుడు ఆ వైద్యురాలి ప్రశ్నకు వద్దాము. దీర్ఘ ఉపవాసములో దేహములోని భాస్వరము, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు తరిగిపోతాయి. అయినను రక్తపరీక్షలో అవి సరిగానే ఉన్నట్లు కనబడవచ్చు. ఒక్కసారిగా అన్నము, తీపి లోపలికి వెళ్లగానే ఇన్సులిన్ పెరుగుతుంది. గ్లూకోజుతో పాటు ఈ లవణములన్నీ రక్తములో నుండి కణములలోనికి పరుగెత్తుతాయి. రక్తములో భాస్వరము పడిపోతే ఊపిరి తీయించే కండరములు, గుండె బలహీనమవుతాయి. పిండిపదార్థములను వాడుకొనుటకు కావలసిన థయమిన్ అనే బి1 విటమిన్ కూడా చాలకపోతుంది. దేహములో ఉప్పు, నీరు నిలిచి కాళ్లు వాస్తాయి. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసినప్పుడు ఆకలితో కృశించిన ఖైదీలలో కొందరు భోజనము దొరికిన తరువాతనే మరణించుట వైద్యులు గమనించారు.

ఈ భాస్వరము కథలో ఒక తెలుగువాడున్నాడు. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తములోని భాస్వరమును కొలిచే పద్ధతిని ప్రచురించాడు. ఆ పద్ధతితోనే వారు కండరములలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, తరువాత 1929లో ఏటీపీ అనే శక్తివాహకమును గుర్తించారు. మన కండరము కదిలిన ప్రతిసారి ఖర్చయ్యేది ఆ ఏటీపీయే. దాని తయారీకి భాస్వరము కావాలి. మా సహోదరుని రక్తములో ఆ దినమున లోపించినది అదే.

బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2006లో ఇచ్చిన సూచనల ప్రకారము 5 దినములకు మించి ఏమీ తినని, లేక చాలా కొద్దిగా తిన్న రోగికి మొదటి రెండు దినములు అవసరములో సగమునకు మించి ఆహారమివ్వరాదు. 10 దినములు దాటినవారు అధిక అపాయములో ఉన్నవారిగా ఎంచబడతారు. వారికి రక్తపరీక్షలతో, థయమిన్‌తో, ఇంకను కొద్దిగా మొదలుపెట్టాలి.

7. వాక్య వెలుగులో

ఈ సంగతులతో లేఖనములను మరల చదివితే, ఇంతకుముందు దాటిపోయిన వివరములు కనబడతాయి. 1 సమూయేలు 14లో సౌలు యుద్ధదినమున ఎవరును తినకూడదని జనులచేత ప్రమాణము చేయించాడు. జనులు బహుగా అలసిపోయారు. ఆ ఆజ్ఞను ఎరుగని యోనాతాను కొంచెము తేనె రుచి చూడగా అతని కన్నులు ప్రకాశించాయి. తన తండ్రి దేశమును కష్టపెట్టాడని అతడు చెప్పాడు. శ్రమ చేసేవారి మీద ఇతరులు మోపిన ఉపవాసము అది. 1 సమూయేలు 30లో మూడు దినములు ఆకలిదప్పులతో పొలములో పడియున్న ఐగుప్తీయునికి దావీదు మనుష్యులు రొట్టె, నీళ్లు, కొంత అంజూరపు అడ, రెండు ద్రాక్షగెలలు ఇచ్చారు. విందు పెట్టలేదు.

ఏలీయా హోరేబు వరకు 40 దినములు నడిచాడని మనము బోధిస్తాము. ఆ నడకకు ముందు దూత అతనిని రెండుసార్లు లేపి భోజనము పెట్టి, ప్రయాణము అతని శక్తికి మించినదని చెప్పుట 1 రాజులు 19లో ఉంది. మత్తయి 4లో ప్రభువు 40 దినముల ఉపవాసము తరువాత ఆకలిగొన్నాడు. ఆయన దేహము మన దేహము వంటిదే. అపొస్తలుల కార్యములు 27లో 14 దినములు తినక ఓడలో శ్రమించినవారిని పౌలు భోజనము చేయుమని బ్రతిమాలాడు. అది వారి ప్రాణరక్షణ కొరకే అన్నాడు.

అన్నిటికంటె యెషయా 58 మనలను నిలదీస్తుంది. ఉపవాస దినమున తమ పనివారిచేత కఠినమైన పని చేయించుకొనేవారిని ప్రవక్త గద్దిస్తాడు. కాడిని విప్పుట, ఆకలిగొన్నవానికి ఆహారము పెట్టుట దేవుడు కోరిన ఉపవాసమని చెప్తాడు. ఉపవాసము, శ్రమ ఒకే దేహము మీద పడకూడదనే సంగతి జీవక్రియను గూర్చిన జ్ఞానము రాకముందే అక్కడ వ్రాయబడి ఉంది.

మన పొరుగువారి నుండి కూడా నేర్చుకోవచ్చు. ముస్లిం సోదరులు రంజాను నెలలో పగలు నీరైనను ముట్టరు. అయితే ప్రతి రాత్రి భుజిస్తారు, రోగులకు, ప్రయాణికులకు వారి మతములో మినహాయింపు ఉంది. ఉగాదికి కర్ణాటక నుండి మన జిల్లా మీదుగా శ్రీశైలమునకు నడిచి వెళ్లేవారికి దారి పొడుగున మజ్జిగ, అన్నము పెట్టే చేతులు కనబడతాయి. నడిచేవానికి ఆహారము కావాలని వారు ఎరుగుదురు.

8. కాపరులకు సూచనలు

1) కూలిపని మానలేని విశ్వాసులను దీర్ఘ ఉపవాసమునకు పిలువవద్దు. వారికి ఒక పూట ఉపవాసము, లేక దానియేలు 10వ అధ్యాయములో వలె రుచికరమైన వాటిని మానుట చాలును.

2) షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వైద్యుని అడుగకుండ ఉపవాసము ఆరంభించరాదు. తినకుండ మందు వేసికొంటే కొన్ని మందులతో రక్తములో గ్లూకోజు ప్రమాదకరముగా పడిపోతుంది. మందు తామే మానివేయుట కూడా అపాయమే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, క్షయ, మూత్రపిండ, గుండె జబ్బులున్నవారు దీర్ఘ ఉపవాసము చేయరాదు.

3) నీటిని మానుమని ఎవరికిని బోధించవద్దు.

4) తడబడిన మాట, గుండె దడ, స్పృహ తప్పుట, మూత్రము రాకపోవుట కనబడితే ప్రార్థన చేస్తూనే ఆసుపత్రికి తీసికొని వెళ్లాలి. తీర్మానము మధ్యలో ఆపుట అవిశ్వాసము కాదు.

5) ఐదు దినములు దాటిన ఉపవాసమును పలుచని గంజి, మజ్జిగ వంటి వాటితో కొద్దికొద్దిగా, కొన్ని దినములు తీసికొని విరమించాలి. పది దినములు దాటితే వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి. విరమణ దినమున ప్రేమవిందు పెట్టరాదు.

6) ఉపవాస దినములలో కూలికి వెళ్లలేని కుటుంబమునకు సంఘము బియ్యము, కూలి డబ్బులు సమకూర్చాలి. అది చేయలేని సంఘము వారిని ఉపవాసమునకు పిలిచే అధికారమును పోగొట్టుకొంటుంది.

ముగింపు

ఆ సహోదరుడు ఇప్పటికిని మా సంఘములో ఉన్నాడు. శ్రమకాలములో శుక్రవారము మధ్యాహ్నము వరకు ఉపవాసముండి, ఆ పూట పనికి వెళ్లడు. ఆ పూట కూలిని సంఘపు పెట్టెలో నుండి మేము ఇస్తాము. మొదట తీసికొనుటకు సిగ్గుపడ్డాడు. ఇది మా అప్పు అని చెప్పి ఇచ్చాము. సాయంకాలము అతని భార్య మజ్జిగలో కలిపిన సంగటి పెడుతుంది. దేహము దేవుని ఆలయమని బోధించే మనము, ఆ ఆలయపు దూలములను కాల్చి ధూపము వేయమని ఎవరికిని చెప్పకుందుము గాక.